ఫ్లాండర్సు మన్ను, పసివాండ్ర కథ

ఈప్ర్ పట్టణమునుండి ఈశాన్యదిశగా లాంగెమార్క్ గ్రామమునకు పోవు బాట మిక్కిలి చదునైనది. ఇరువైపుల బంగాళాదుంపల చేలును, మొక్కజొన్న చేలును, నడుమనడుమ నీరు నిండిన మురుగుకాలువలును, ఎఱ్ఱ పెంకుల యిండ్లును దప్ప చూపున కడ్డు వచ్చునది వేరొండు లేదు. 1914 మొదలు 1918 వఱకు ఏ మిట్టలకై సైన్యములు పెనుగులాడి లక్షలాది జనులు నేలకొరిగిరో, ఆ మిట్టల నెక్కుటకు మన యూరి చెఱువుగట్టు నెక్కినంత శ్రమయైన గలుగదు. మోటారుబండిలో పోవువానికి మిట్ట వచ్చిన సంగతియే తెలియదు. అయినను ఇచటి రైతు నేల దున్నిన ప్రతి యేటను పేలని ఫిరంగిగుండ్లు తుప్పుపట్టి పైకి వచ్చుచునే యున్నవి. వానిని అతడు జాగ్రత్తగా గట్టున బెట్టి కబురు చేయును. పోల్‌కపెల్లె గ్రామమున నందుకొఱకే నెలకొల్పబడిన సైనికదళమువారు వచ్చి కొనిపోవుదురు. అది అచట నొక వార్త కాదు, వ్యవసాయములో నొక పని.

నేను బెల్జియమునకు వచ్చుట యుద్ధచరిత్ర నేర్చుటకు గాదు. కందకములలో మ్రగ్గిన పడుచు సైనికులను గూర్చిన నవలలను చాలకాలముగా చదువుచు, వానిలోని పోలికలకు విస్మయమంది, ఆ కథలకు నెలవైన నేలను ఒకపరి నడచి చూడవలెనను కోరికచే వచ్చితిని. జర్మనుడు వ్రాసినను, ఫ్రెంచివాడు వ్రాసినను, ఆంగ్లేయుడు వ్రాసినను ఈ నవలల నడక యించుమించుగా నొక్కటియే. పోరు ఎందులకు వచ్చెనో చెప్పరు. ఏ సేనాని ఏ వ్యూహము పన్నెనో చెప్పరు. చెప్పునదంతయు అన్నము, పేలు, బురద, నిద్ర, జోళ్లు. ఎచటనో యొకచోట శత్రువునకు ముఖము వచ్చును. సెలవుపై ఇంటికిబోయిన కుఱ్ఱవాడు తనవారితో మాటాడలేక తిరిగివచ్చును. జట్టులోనివా రొక్కొక్కరుగా తగ్గిపోవుదురు. ఈ పద్ధతులను ఒకరినిజూచి యొకరు వ్రాసిరా, లేక ఆ నేలయే అందఱిచేతను అట్లు వ్రాయించెనా యనునది నా సందేహము. బ్రస్సెల్సున నుద్యోగము చేయుచున్న గుంటూరుజిల్లా కుఱ్ఱవాడొకడు, మాకు దూరపు బంధువు, తన బండిలో నన్ను త్రిప్పుటకు పూనుకొనెను. అతడు ఈ పుస్తకములలో నొక్కటియు చదివినవాడు కాడు. సినిమా మాత్రము చూచినాడు.

లాంగెమార్క్‌లో జర్మనుల శ్మశానవాటిక గలదు. ఆంగ్లేయుల శ్మశానములవలె తెల్లని నిలువురాళ్ల వరుసలుగాని, గులాబిపొదలుగాని యిచట లేవు. ఓకుచెట్ల దట్టపు నీడలో నేలకు పఱచిన చదునురాళ్లును, గుంపులుగా నిలిపిన పొట్టి నల్లరాతి సిలువలును మాత్రమే. 44,000 మందికి పైగా ఇచట నిద్రించుచున్నారు; వారిలో సుమారు 25,000 మంది ద్వారమునకు దాపుననే యున్న ఒక్క చతురస్రపు సామూహిక సమాధిలో నున్నారు. ప్రవేశమండపములో ఓకుచెక్కలపై విద్యార్థుల పేరులు చెక్కియున్నవి. ఈ చోటును 'విద్యార్థుల శ్మశానము' అని పిలుచుట కలదు.

"మామయ్యగారూ, వీళ్ళంతా మా కాలేజీ కుర్రాళ్ళ వయసువాళ్ళే కదండీ!" అని మావాడు ఆ పేరుల వెంట వ్రేలు నడపుచు ననెను. "పాటలు పాడుకుంటూ తుపాకుల మీదికి వెళ్ళారని ఇందాక ఎక్కడో రాసుంది. నిజమేనా అండీ?"

ఆ ప్రశ్నయందే నా సందేహమునకు సమాధానము సగము దాగియున్నది. 1914 నవంబరు 11వ తేదీని జర్మను సైన్యాధిపత్యము వెలువరించిన ప్రకటనలో, లాంగెమార్క్‌కు పడమట యువ పటాలములు దేశగీతము పాడుచు శత్రువుల తొలి కందకములపై విఱుచుకుపడి గెలిచిరని యున్నది. చరిత్రకారులు తర్వాత పరిశీలించి చూడగా, ఆ పటాలములలో విద్యార్థులు కొలదిమందియే. మిగిలినవారు పనివాండ్రు, రైతులు, సంసారులు. తడిసిన దుంపచేలలో, వీపున మూటతో, ఎదుట గుండ్లవాన కురియుచుండగా పాడుచు పరుగెత్తుట యెట్లో ప్రకటనకర్త చెప్పలేదు. అయినను ఆ కథ దేశమంతట నెలకొనెను. విశ్వవిద్యాలయములలో ఏటేట నుత్సవములు జరిగెను. విద్యార్థుల విరాళములతో ఈ శ్మశానము సంస్కరింపబడి 1932లో ప్రతిష్ఠింపబడెను. 1940లో హిట్లరు ఇచటికి వచ్చి పోయెను. పసిప్రాయము, చదువు, స్నేహము, మృత్యువు అను నాలుగింటిని పేర్చి కట్టిన పురాణమిది. కందకపు నవల పుట్టకమునుపే దానికి కావలసిన సామగ్రి యంతయు సిద్ధమై యున్నది, అయితే ఎదుటిపక్షమువారి చేతిలో.

జర్మను రచయిత ఎరిక్ మరియా రెమార్క్ తన కందకపు నవలలో చేసినదేమనగా, ఈ సామగ్రిని యథాతథముగా గైకొని తలక్రిందులు చేయుట. అతని కథలోను ఒక తరగతిగదియు, అందఱు నొక్కసారిగా సైన్యమున చేరిన విద్యార్థులును గలరు. కాని వారిని చేర్పించినది దేశభక్తి గాదు, కాంటొరెక్ అను పంతులు. ఆరంభమున పాట లేదు, భోజనమున్నది: 150 మందికి వండిన వంట 80 మందికే వడ్డింపవలసి వచ్చెను గనుక కడుపునిండ తిని సంతసించుచున్న సైనికులతో కథ మొదలగును. కడుపు నిండుటయే సంతోషము. చచ్చినవారి లెక్క వంటవాని గరిటెతో తెలియవచ్చును. వీరగాథలో ఖడ్గము చేతులు మాఱినట్లు ఇందులో జోళ్లు చేతులు మాఱును: కెమ్మెరిక్ అను కుఱ్ఱవాని మెత్తని తోలుజోళ్లు అతడు చచ్చిన వెనుక ముల్లర్‌కు, ముల్లర్ చచ్చిన వెనుక కథ చెప్పు పాల్ బాయ్మర్‌కు సంక్రమించును. ప్రతి పద్ధతియు ఒక పాత పద్ధతికి ప్రత్యుత్తరమే. లాంగెమార్క్ పురాణము తెలియక ఈ నవలను చదివినవానికి సగము సంభాషణమే వినబడునని నా యభిప్రాయము.

దీనికి మఱియొక నిదర్శనము కలదు. రెమార్క్‌కంటె పండ్రెండేండ్ల ముందు, 1916లోనే, ఆంరీ బార్బూస్ ఫ్రెంచిభాషలో 'అగ్ని' యను నవలను వెలువరించి గోంకూర్ బహుమానమందెను. నలువదియేండ్లు దాటినపిమ్మట స్వచ్ఛందముగా సైన్యమున చేరిన యాతని జట్టులో విద్యార్థులు కారు, రైతులు, కూలీలు, అంగడివారు గలరు. బురద యున్నది, పేలున్నవి, ఆకలి యున్నది. తరగతిగది మాత్రము లేదు. అనగా బురదయు పేలును నేల యిచ్చినవి. పంతులును బడియు జర్మను రచయిత తన దేశపు పురాణమునకు ఎదురుగా పేర్చినవి. పంతులను అపహాస్యము చేసిన రెమార్క్ తాను సైన్యమునకు పిలువబడునాటికి పంతులుపనికే శిక్షణ పొందుచుండెనను సంగతి తెలిసినప్పుడు ఆ పాత్ర మఱింత చేదుగా తోచును.

నేల యిచ్చినదేదియో చూడగోరువారు డిక్స్‌మూడె దాపున, ఇజర్ నదిగట్టున బెల్జియనులు కాపాడిన 'మృత్యుకందకము'న దిగి నడువవలెను. ఇసుకబస్తాలన్నియు తర్వాతికాలమున కాంక్రీటుతో పోసినవే. గోనెపట్టు నేత గుర్తులు మాత్రము ఆ కాంక్రీటుమీద నచ్చుపడి యున్నవి. గోడ తలను మించును. దారి తిన్నగా పోదు. కొలది యడుగులకొకసారి మలుపు తిరుగును, ఏలనన గుండొకటి లోపల పడినచో దాని ముక్కలు వరుసయంతయు తుడిచిపెట్టక ఆ మలుపులోనే యాగిపోవలెను. శత్రువొకడు లోపలికి దుమికినచో తుపాకితో వరుసపొడుగున కాల్చుటకు వీలుండరాదు. ఇట్టి మలుపులో నిలిచి చూచితిని. ముందు గోడ, వెనుక గోడ, పైన పలుచని ఆకాశపు పట్టె. ఏడెనిమిదిమంది కంటె ఎక్కువ కానరారు. మావాడు రెండు మలుపుల యవతల నుండి పిలిచెను. మాట వచ్చెను, మనిషి కానరాలేదు.

ఇక వ్యూహముల కథ యెట్లు చెప్పగలరు? తొమ్మండ్రు పదుగురి కథయే చెప్పవలెను. వినబడినదాని కథ, వాసన వచ్చినదాని కథ చెప్పవలెను. యుద్ధమంతయు చూడగల కన్ను ఆ నవలలలో నెవ్వరికిని లేదు. మన భారతమున సంజయునకు దివ్యదృష్టి యుండుటచే పదునెనిమిదక్షౌహిణులు నొకేసారి కనబడును. స్త్రీపర్వమున గాంధారికి అట్టి చూపే అబ్బుటచే రణరంగమంతయు తిరిగి, పేరుపేరున, వంశక్రమమున ప్రతి కళేబరమును గుర్తించి విలపింపగలిగినది. టైన్ కాట్ శ్మశానమున సమాధులు 11,900కు పైగా నుండగా వానిలో 8,300కు పైగా పేరు తెలియనివారివి. గాంధారి యచటికి వచ్చినచో ఎవరినని పిలుచును? ఆ రాళ్లపై చెక్కవలసిన మాటను కూర్చి యిచ్చిన రడ్యార్డ్ కిప్లింగు తన కుమారుని, చూపు చాలదని త్రోసిపుచ్చిన వానిని, తానే సిఫారసు చేయించి సైన్యమున చేర్పించెను. 1915లో లూస్ పోరున ఆ పదునెనిమిదేండ్ల బాలుడు కనబడకపోయెను. తండ్రి బ్రదికియుండగా అతని సమాధి తెలియరాలేదు.

రెమార్క్ స్వయముగ ఈ ప్రాంతమువాడే యని చెప్పవచ్చును; హౌతుల్స్ట్ అడవిచెంత పనిచేయుచు 1917 జూలై 31వ తేదీని, మూడవ ఈప్ర్ సంగ్రామము మొదలైన దినముననే, గుండుముక్కలు తగిలి ఆసుపత్రికి పోయెను. అతడు రంగమున నున్నది కొలది వారములే. ఈ మాట పట్టుకొని అతనిని ఆక్షేపించినవారు అనేకులు. కాని కొలది వారములలో కందకపు మలుపును చక్కగా చూచినవానికి ఆ పైన నాలుగేండ్లున్నను క్రొత్తగా కనబడున దేమో నాకు తెలియదు.

శత్రువునకు ముఖము వచ్చు ఘట్టమును గూర్చి కొంచెము చెప్పవలయును, ఏలనన అనుకరించినవారందఱు చెడగొట్టినది అదియే. గుండుగోతిలో దాగిన పాల్ తనపై బడిన ఫ్రెంచివానిని పొడిచి, వాడు చచ్చువఱకు గంటల తరబడి ప్రక్కనే యుండవలసి వచ్చును. జేబులోని కాగితములు చూడగా అతడు జెరార్ డువాల్, అచ్చుపనివాడు, భార్యాబిడ్డలు గలరు. పాల్ శవమునకు ఏవేవో బాసలు చేయును. ఇంతవఱకు అందఱు వ్రాసినదే. రెమార్క్ అచట ఆగలేదు. మఱునాడు తిరిగివచ్చి మిత్రులతో చెప్పగా వారు, గుఱిచూచి మనుజులను కాల్చుచు లెక్కపెట్టుకొనుచున్న వానిని చూపి సముదాయింతురు. పాల్ ఆ బాసలను మెల్లగా విడిచివేయును. పశ్చాత్తాపము నిలువకపోవుటయే ఆ ఘట్టమున భయంకరమైనది. యుద్ధవిరోధ నవలలలో చాలవఱకు ఈ రెండవ సగమును వదలి, కన్నీటితో మొదటి సగమును మాత్రము చెప్పుచుండుట చూచి నాకు విసుగు పుట్టినది. కుఱ్ఱవాడు చంపబడుటయే కాదు, చంపుట కలవాటుపడుటయు కథలో నుండవలెను గదా!

చివర నొక చిక్కు గలదు: తాను చచ్చిన కథను తానే యెట్లు చెప్పును? 'నేను' అని నడచిన పుస్తకము కడపటి పుటలో, 1918 అక్టోబరులో, 'అతడు' అని మాఱును; ఎవరో తెలియని గొంతు రెండు మూడు వాక్యములలో ముగించును. రణరంగమున విశేషమేమియు లేదని నివేదిక వెళ్లిన ప్రశాంతమైన దినమున అతడు పడిపోయెను. సీతాకోకచిలుకకై చేయి చాచి చచ్చు ఘట్టము 1930లో లూయిస్ మైల్‌స్టోన్ తీసిన చిత్రములోనిదే గాని నవలలోనిది కాదు. అది అందమైనదే, అయినను అందుచేతనే నాకు రుచింపదు. 2022లో వచ్చిన జర్మను చిత్రము చావును సంధి గడియకు కొలది నిమిషముల ముందునకు జరిపినది. "ఆ సీనులో ఊపిరి ఆగిపోయిందండీ" అని మావాడు చెప్పెను. ఊపిరి ఆగుటకేగదా వారు జరిపినది! విశేషము లేని దినమున చచ్చుట కథకు ప్రాణమై యుండగా, గడియారము చూపి చంపుట పాత వీరగాథల పంథాకు మఱలిపోవుటయే యగును. పొపరింగె పురమందిరపు పెరటిలో, పాఱిపోయిరనియు పిఱికివారనియు ఆరోపించి తెల్లవాఱుజామున స్వపక్షమువారే కాల్చిన సైనికుల గదులు చూచునప్పుడు, అదే గడియారమును మైకేల్ మోర్‌పర్గో తన పిల్లల నవలలో ఎంత నేర్పుగా వాడుకొనెనో తలపునకు వచ్చినది: రాత్రియంతయు కథ చెప్పువాడే చావబోవుచున్నాడని మనము భ్రమపడుదుము; చచ్చువాడు అతని యన్న. అట్లు కాల్పబడిన 306 మంది బ్రిటిషు సామ్రాజ్య సైనికులకు 2006లో మాత్రమే క్షమాభిక్ష లభించినది.

మధ్యాహ్నము దాటినపిదప వ్లాడ్స్లో శ్మశానమునకు పోయితిమి. అచట కేథే కోల్‌విట్జ్ చెక్కించిన 'దుఃఖించు తలిదండ్రులు' మోకరిల్లి యున్నారు. తండ్రి నిటారుగా, చేతులతో తన దేహమును తానే బిగియ పట్టుకొని, ఎదుటి రాతిని చూచుచుండును. తల్లి వంగి, ఉత్తరీయమును చెంపకు చేర్చి, తల యెత్తదు. వారి ముఖములు కేథే, ఆమె భర్త కార్ల్ ముఖములే. ఎదుటి చదునురాతిపై ఇరువది పేరులున్నవి; వానిలో పీటర్ కోల్‌విట్జ్ పేరొకటి. 1914 అక్టోబరులో చచ్చునాటికి అతనికి పదునెనిమిదేండ్లు. ఆ ప్రాయమువాడు స్వచ్ఛందముగా చేరుటకు తండ్రి సమ్మతి కావలయును, తండ్రి ఒప్పుకొనలేదు, కుమారుని పక్షమున మాటాడి ఒప్పించినది తల్లియే. ఆమె ఈ శిల్పమునకై పదునేడేండ్లకు పైగా శ్రమపడెను. 1932లో మఱియొక శ్మశానమున ప్రతిష్ఠించిరి. 1956లో సమాధులతోబాటు అవి యిచటికి వచ్చినవి.

ఇచట నిలిచినప్పుడు నాకు రెమార్క్‌మీద నొక ఫిర్యాదు పుట్టినది. పిల్లలను పంపినవారి నేరమంతయు ఒక హాస్యాస్పదుడైన పంతులు నెత్తిన రుద్దుట ఎంత సులభము! అతనిని చూచి నవ్వి మనము తప్పించుకొనవచ్చును. బార్బూస్ గాని, రెమార్క్ గాని తల్లిని నిందింపలేదు. వారి కథలలో తల్లి రొట్టె దాచిపెట్టి కంటతడిపెట్టునది మాత్రమే. ఈ స్త్రీ మాత్రము తన్ను తానే మోకాళ్లపై నిలుపుకొన్నది. ఆ శిల్పము చెప్పినంత మాట నేను చదివిన కందకపు నవలలలో నేదియు చెప్పలేదు.

సరిహద్దు దాటి ఫ్రాన్సున న్యూవ్ షాపెల్‌కు పోవుటకు మావాడు తొందరపడెను. రోడ్ల కూడలియొద్ద హెర్బర్ట్ బేకర్ నిర్మించిన భారతీయుల స్మారకమున్నది, 1927లో ఆవిష్కరింపబడినది. గుండ్రని ప్రాకారము, జాలీపనితనపు రాతిగోడ, తామరపూవు తలగాగల స్తంభము, దాని కిరుప్రక్కల రెండు పులులు. సమాధి యెఱుగని 4,700 మందికి పైగా సిపాయిల, కూలీల పేరులు గోడపై నున్నవి. 1915 మార్చి 10న ఈ గ్రామముపై జరిగిన దాడిలో పోరాడిన బలగమున సగము భారతీయులది. గఢ్వాలీలు, గూర్ఖాలు, సిక్కులు, పఠానులు.

"మనవాళ్ళ పేర్లేమైనా ఉంటాయా అండీ?" అని మావాడు గోడవెంట నడచుచు నడిగెను. మద్రాసు సాపర్లు మెసొపొటేమియాలో పోరాడిరని చెప్పి యూరకుంటిని. అతడు తృప్తిపడలేదు.

ఈ సిపాయిలకు పైని పద్ధతులేవియు అతుకవు. వారిని చేర్పించిన పంతులు లేడు, బడియే లేదు, పలువురు నిరక్షరాస్యులు. ఉత్తరము వ్రాయవలెనన్న లేఖకునిచే చెప్పి వ్రాయించుకొనవలె. దానిని సెన్సారు అధికారి చదువును. కాబట్టి భారతీయులను నల్లమిరియములనియు తెల్లవారిని ఎఱ్ఱమిరియములనియు సంకేతముతో వ్రాసికొనిరి. మనసు విప్పు 'నేను' అను గొంతు ఇట్టి ఉత్తరములలో ఎట్లు పుట్టును? యుద్ధము జరుగుచుండగనే, 1915లో, చంద్రధర శర్మ గులేరీ హిందీలో వ్రాసిన 'ఉస్‌నే కహా థా' కథలో కందకమున్నది, చలి యున్నది, వేషము మార్చివచ్చిన జర్మనుని పట్టుకొను తెలివి యున్నది. కాని లహనాసింగ్ చచ్చునది బాల్యమున నెఱిగిన స్త్రీకిచ్చిన మాటకై. అది యుద్ధవిరోధ కథ గాదు. మాట నిలుపుకొన్నవాని కథ.

ముల్క్‌రాజ్ ఆనంద్ రెండవ ప్రపంచయుద్ధ ఆరంభకాలమున వెలువరించిన 'అక్రాస్ ది బ్లాక్ వాటర్స్' నవలయందే మన సిపాయి కందకములోనికి నిజముగా దిగినాడు. అందు లాలూసింగ్ అను పంజాబు రైతుబిడ్డ మార్సే రేవున దిగి ఫ్లాండర్సునకు వచ్చును. రెమార్క్ వంట, పేలు, బురద ఇచటను గలవు. కాని కుఱ్ఱవాని మనస్సు వేఱొకచోట నున్నది: ఫ్రెంచిరైతు దున్నుటను నిలిచి చూచును, ఇచటివారి నేల యిట్లు పండుచుండ మాది యేల పండదని తలపోయును, బహుమానముగా తమ కుటుంబము పోగొట్టుకొన్న భూమి తిరిగివచ్చునేమో యని ఆశపడును. అతనికి దేశభక్తి భ్రమ తొలగుట యనునది లేదు, ఏలనన అట్టి భ్రమతో అతడు రాలేదు. ఐరోపా నవలలో యుద్ధమునకు ముందు బడి యున్నది. ఇందులో యుద్ధమునకు ముందు పొలమున్నది.

చివరను లాలూ చావడు. జర్మనులకు పట్టువడును, పుస్తకము అచటనే తెగిపోవును. తిరిగిపోవుదారిలో ఈ సంగతి మావానికి చెప్పగా అతడు బండి వేగము తగ్గించి, "చావలేదా అండీ? అయితే మామయ్యగారూ, ఆ పొలం సంగతేమైంది?" అని యడిగెను.

"రాలేదు, బాబూ. అందుకనే మూడో పుస్తకం రాయాల్సి వచ్చింది" అంటిని. లాలూ కథను చెప్పు మూడు నవలలలో కడపటిదైన, 1942 నాటి ఆ పుస్తకములో లాలూ చెఱనుండి తిరిగివచ్చుసరికి ఇల్లు చెదరియున్నది, ఆశించిన బహుమానము లేదు. అతడు అవధ్ ప్రాంతపు కౌలురైతుల ఆందోళనలో చేరును.